పారణ లేని ఉపవాసం

(ఏకాదశి సందర్భంగా దేవస్థానం కల్యాణ మండపంలో జరిగిన ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు ఏకాదశి. ఈ మండపంలో ఆసీనులైనవారిలో అనేకులు ఉపవసించి ఉన్నారు. రేపు ప్రాతఃకాలంలో ద్వాదశి మించకముందే స్వామికి నివేదన చేసి పారణ చేస్తారు. ఈ పర్వదినాన ఉపవాసాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా దేవస్థానం పెద్దలు ఆదేశించారు. నేను పురాణ ప్రవచనం చేయగలదానను కాను, మానసిక వైద్యురాలిని. కనుక ఉపవాసంలా కనిపిస్తూనే ఉపవాసం కాని ఒక స్థితిని గురించి మనవి చేస్తాను. అది ముఖ్యంగా యుక్తవయస్సులో అడుగుపెట్టిన ఆడపిల్లలను పట్టే వ్యాధి. మగపిల్లలకూ వస్తుంది గాని, ఆడపిల్లలలో చాలా ఎక్కువ. ప్రాణాంతకం కూడా. అయినా మన ఇళ్లలో దానికి పేరు లేదు. పేరు తెలియని వ్యాధిని సుగుణమని పొరబడడం సులభం. “మా అమ్మాయికి తిండి మీద బొత్తిగా ధ్యాస లేదండీ, ఎంత నిగ్రహమో!” అని మురిసిపోతూ చెప్పిన తల్లిదండ్రులను నేను చూశాను. ఆ మురిపెం వెనుక విలువైన నెలలు గడిచిపోతాయి.

ఉపవాసానికి హద్దు ఉంది

ఉపవాసమంటే భగవంతునికి సమీపంలో వసించడమని పెద్దలు అర్థం చెప్పారు. వారు దానికి ముందు సంకల్పాన్ని, నడుమ స్మరణను, చివర పారణను నియమించారు. భాగవతం నవమ స్కంధంలోని అంబరీషోపాఖ్యానం మీకు తెలిసినదే. ఆ మహారాజు ద్వాదశీ వ్రతం ముగించబోయే వేళకు దుర్వాస మహర్షి అతిథిగా వచ్చాడు. స్నానానికని యమునకు వెళ్లి ఎంతకూ తిరిగి రాలేదు. అతిథి భుజించకముందు తాను భుజిస్తే అపచారం. ద్వాదశి మించిపోతే వ్రతలోపం. అంబరీషుడు పండితులతో ఆలోచించి, జలం మాత్రం స్వీకరించి పారణ చేశాడు. మహర్షి ఆగ్రహానికి పాత్రుడయ్యాడు. అయినా సుదర్శనం ఎవరి పక్షాన నిలిచిందో మీరెరుగుదురు. ఉపవాసం పూనడం ఎంత ధర్మమో, దానిని సకాలంలో విరమించడం అంతే ధర్మమని ఆ కథ వలన నాకు బోధపడింది.

నీరు, కందమూలాలు, పండ్లు, పాలు, గురువు మాట, ఔషధం మొదలైనవాటి వలన వ్రతభంగం కలగదని కూడా మన పెద్దలు నిర్ణయించారు. గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో, మితిమీరి తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని చెప్పాడు. పదిహేడవ అధ్యాయంలో, శాస్త్రం విధించని ఘోరమైన తపస్సులతో దేహాన్ని కృశింపజేసేవారు ఆ దేహంలో అంతర్యామిగా ఉన్న తననే బాధిస్తున్నారని హెచ్చరించాడు. మన ధర్మం ఆకలిని గౌరవించింది. ఆకలి చేత చంపుకోవడాన్ని ఏనాడూ గౌరవించలేదు. ఈ మాటలను మనస్సులో ఉంచుకుని, తక్కిన విషయాన్ని ఆలకించండి.

ఒక పిల్ల కథ

నా వద్దకు వచ్చిన అనేకమంది పిల్లల కథలను కలిపి ఒకే కథగా చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు.

ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. చిన్ననాటి నుంచి భయస్థురాలు. పరీక్షల ముందు రోజు కడుపులో మెలిపెట్టినట్టు ఉండేది. ఒక మార్కు తగ్గినా రాత్రంతా నిద్రపోయేది కాదు. పదిమందిలో మాట్లాడవలసి వస్తే చేతులు చల్లబడేవి. అందరూ “బుద్ధిమంతురాలు” అన్నారు గాని, “భయపడుతోంది” అనుకోలేదు. పెళ్లిలో ఒక బంధువు నవ్వుతూ, “ఏమ్మా, బాగా ఒళ్లు చేశావే!” అన్నాడు. అన్నవాడు ఆ క్షణంలోనే మరిచిపోయాడు. విన్న పిల్ల మరిచిపోలేదు.

శనివారం ఒక్కపొద్దు ఉంటానంది. ఇంట్లో సంతోషించారు. తరువాత సోమవారం, ఆ తరువాత గురువారం వచ్చి చేరాయి. మిగిలిన రోజులలో రాత్రి భోజనం మానేసింది. అన్నం మానేసింది, నూనె మానేసింది, చివరకు ప్రసాదం కూడా కళ్లకద్దుకుని పక్కన పెట్టసాగింది. వంటింట్లో మాత్రం తల్లికి సాయం చేస్తుంది. తమ్ముడికి కొసరి కొసరి వడ్డిస్తుంది. తాను తినదు. కొన్ని నెలలకు జుట్టు రాలింది, ఎండాకాలంలోనూ చలి అంటోంది, ఋతుక్రమం ఆగిపోయింది. తల్లి స్త్రీవైద్యుల వద్దకు తీసుకువెళ్లింది. కడుపు ఉబ్బరమంటే ఉదరవైద్యుల వద్దకు తీసుకువెళ్లింది. థైరాయిడ్ పరీక్ష సరిగానే ఉంది. చివరకు నా వద్దకు వచ్చారు.

నేను ఆ పిల్లను అడిగేది ఒకే ప్రశ్న: “నీ వ్రతానికి పారణ ఎప్పుడమ్మా?” జవాబు ఉండదు. చాలాసేపటికి, “తినాలంటే భయమేస్తుంది” అంటుంది. ఆ ఒక్క మాటతో అంతా తెలుస్తుంది. భక్తితో ఉపవసించినవారికి పారణ పండుగ. ఈ పిల్లకు పారణ అంటేనే భయం.

మన దేశంలోనూ, ఆసియాలోని ఇతర ప్రాంతాలలోనూ ఈ వ్యాధి ఉన్న కొందరు పిల్లలు “లావవుతానని భయం” అని చెప్పరు. ఆకలి లేదంటారు, కడుపు నిండుగా ఉందంటారు, వ్రతమంటారు. అందుచేత ఇది పాశ్చాత్యుల వ్యాధి, మన ఇళ్లలో ఉండదు అని ఎవరూ నిశ్చింతగా ఉండరాదు.

ముందు భయం

ఈ వ్యాధి పేరు ‘అనొరెక్సియా నెర్వోసా’. 1873లో పారిస్ వైద్యుడు లసేగ్ దీనిని వర్ణించాడు. దాదాపు అదే సమయంలో లండన్‌లో సర్ విలియం గల్ కూడా వర్ణించి, ఈ పేరు పెట్టాడు. ‘అనొరెక్సియా’ అంటే ఆకలి లేకపోవడమని అర్థం. నిజానికి ఆ పేరు సరిపోదు. ఈ పిల్లలకు ఆకలి ఉంటుంది. వారు రాత్రింబవళ్లు దానితో యుద్ధం చేస్తూ ఉంటారు. దీనికి తోబుట్టువుల వంటి వ్యాధులు మరి రెండు ఉన్నాయి. ఒక్కసారిగా అమితంగా తిని, వెంటనే అపరాధభావంతో తిన్నదానిని ఎలాగైనా వదిలించుకోజూడడం ఒకటి. దీనిని ‘బులీమియా నెర్వోసా’ అని 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు వివరించాడు. రెండవది, మనస్సుకు కష్టం కలిగినప్పుడల్లా అదుపు తప్పి తిని, తరువాత కుమిలిపోవడం. దీనిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. ఈ రెండు రకాల వ్యాధులు ఉన్నవారు చూపులకు సన్నగా ఉండకపోవచ్చు. కనుక మనిషి ఆకారాన్ని చూసి వ్యాధి లేదని తేల్చరాదు.

ఈ మూడింటికీ మూలంలో తరచుగా కనిపించేది ఆందోళన. అనొరెక్సియా, బులీమియా ఉన్న ఆరు వందలమందికి పైగా రోగులను పరిశీలించి, 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సుమారు మూడింట రెండు వంతుల మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆందోళనకు సంబంధించిన వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో ఎక్కువమందికి ఆ ఆందోళన చిన్నతనంలోనే, తిండి సమస్య రాకముందే మొదలైంది. అంటే ముందు వచ్చింది భయం. తరువాత వచ్చింది పస్తు.

భయానికీ పస్తుకూ సంబంధమేమిటి? పరీక్ష ఫలితం ఆ పిల్ల చేతిలో లేదు. తోటివారి మాటలు ఆమె చేతిలో లేవు. మారుతున్న తన శరీరమూ ఆమె చేతిలో లేదు. కంచంలోని ముద్ద ఒక్కటే ఆమె చేతిలో ఉంది. దానిని వద్దన్న రోజున కాసేపు మనస్సు కుదుటపడుతుంది. ఆ కాసేపటి ఊరట కోసం మరునాడు మరొక ముద్ద వద్దంటుంది. ఇలా ఊరట కోసం మొదలైన అలవాటు యజమాని అవుతుంది. తినడానికి కూర్చున్నప్పుడల్లా భయం ఇంతకు ముందుకన్నా పెద్దదై ఎదురుగా నిలుస్తుంది.

ఆకలి నుంచి దిగులు

ఇక దిగులు మాట. “మా అమ్మాయి దిగులుగా ఉంది, అందుకే తినడం లేదు” అని తల్లిదండ్రులు చెబుతారు. అది కొంత నిజం. మరొక సగం నిజం అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బయటపడింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజులలో, 1944–45లో, యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, దాదాపు ఆరు నెలలపాటు అర్ధాహారం ఇచ్చాడు. యుద్ధంలో క్షామానికి గురైన ప్రజలను తిరిగి ఎలా పోషించాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. శరీరంతోపాటు మనస్సుతోనూ దృఢంగా ఉన్నవారినే ఏరి తీసుకున్నారు.

వారికి ఏమైంది? దిగులు పట్టుకుంది. చిరాకు పెరిగింది. స్నేహితులకు దూరమయ్యారు. నవ్వడం తగ్గింది. ఏ పని మీదా మనస్సు నిలవలేదు; తిండి గురించిన ఆలోచన ఒక్కటే మిగిలింది. వంటల పుస్తకాలు సేకరించినవారు ఉన్నారు. ఒక్క భోజనాన్ని గంటల తరబడి నంజుకుంటూ తిన్నవారు ఉన్నారు. వారెవరికీ లావవుతామనే భయం లేదు, మార్కుల బెంగ లేదు. పస్తు ఒక్కటే వారిని అలా మార్చింది. తిరిగి కడుపునిండా తినసాగిన తరువాత, నెలల మీద క్రమంగా కోలుకున్నారు.

ఇందులో మన ఇళ్లకు చాలా పెద్ద పాఠం ఉంది. తమ్ముడికి వడ్డించి తాను తినని పిల్ల, మూల గదిలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడని పిల్ల, మాటకు మాట ఎదురు చెప్పే పిల్ల – ఆమె స్వభావమే మారిపోయిందని మనం అనుకుంటాం. మారింది స్వభావం కాదు. మెదడు ఆకలితో ఉంది. భయం పస్తుకు దారి తీస్తుంది, పస్తు దిగులును పెంచుతుంది, దిగులు మరింత పస్తుకు దారి తీస్తుంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట ఆగాలి. వైద్యశాస్త్రం అనుభవంతో చెప్పేదేమిటంటే, ముందుగా ఆహారం వద్ద ఆపాలి. పస్తుతో ఉన్న మెదడు మీద దిగులు తగ్గించే మందులు సరిగా పనిచేయవు, హితబోధ తలకెక్కదు. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని సర్వౌషధమని చెప్పింది. నా వృత్తిలో ఆ మాట అక్షరాలా సత్యమని చూస్తున్నాను.

అద్దంలో, తెరమీద

ఈ భయానికి బయటి నుంచి ఆజ్యం పోసేది ఏమిటో ఫిజీ ద్వీపాలలో తెలిసింది. చెరకు తోటల పనికి వెళ్లిన మన తెలుగువారి సంతతి కూడా నివసించే దేశమది. అక్కడి ఆదివాసి సమాజంలో పుష్టిగా ఉన్న శరీరానికి గౌరవం ఉండేది. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. యాన్ బెకర్ అనే వైద్యురాలు ఆ ఏడాదే అక్కడి ఆదివాసి కుటుంబాల పాఠశాల విద్యార్థినులను పరిశీలించింది. సన్నబడడం కోసం తిన్నది కక్కుకుంటున్న పిల్ల ఒక్కతె కూడా లేదు. 1998లో అదే వయస్సు పిల్లలను మళ్లీ పరిశీలిస్తే, నూటికి 11 మంది అలా చేస్తున్నట్లు చెప్పారు. మూడేళ్లలో వచ్చిన మార్పు ఇది. అది ఊరికి కొన్ని టెలివిజన్లు ఉన్న కాలం. నేడు ప్రతి పిల్ల అరచేతిలో తెర ఉంది.

తెరను నిందించి మనం తప్పించుకోలేము. పెళ్లి పందిట్లో, పేరంటంలో, గుడి మెట్ల మీద ఆడపిల్ల కనబడగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏది? “చిక్కావేం?”, “లావయ్యావేం?”, “ఇలా ఉంటే సంబంధాలు ఎలా వస్తాయి?” పలకరింపుగా అన్నామనుకుంటాం. భయస్వభావం గల పిల్లకు అది తీర్పు. తగ్గినప్పుడు మెచ్చుకోవడం కూడా అంతే ప్రమాదం, వ్యాధిని మెచ్చుకున్నట్లవుతుంది.

ఇంట్లో ఏమి చేయాలి

మొదట గుర్తించాలి. ఎప్పుడూ ఏదో ఒక కారణంతో భోజనం తప్పించుకోవడం, పదిమందితో కలిసి తినకపోవడం, భోజనం కాగానే స్నానాల గదికి వెళ్లి తలుపు వేసుకోవడం, వదులు దుస్తులలో శరీరాన్ని దాచుకోవడం, కళ్లు తిరగడం, ఋతుక్రమం ఆగడం, మాటిమాటికీ అద్దం చూసుకోవడం లేదా అద్దాన్నే తప్పించుకోవడం – ఇవి కలిసి కనిపిస్తే జాగు చేయకండి. దీర్ఘకాలం పస్తులున్న శరీరంలో గుండె వేగం తగ్గుతుంది. ఎముకలు గట్టిపడవలసిన వయస్సులో గుల్లబారుతాయి. తరచు వాంతి చేసుకునేవారిలో రక్తంలోని పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అనొరెక్సియాతో మరణించినవారిలో సుమారు ఐదింట ఒక వంతు ఆత్మహత్యలని 2011లో ప్రచురితమైన ఒక సమీక్ష తెలిపింది. “చచ్చిపోతే బాగుండు” అని పిల్ల అంటే, అది నటన అని కొట్టివేయకండి. ఆమెను ఒంటరిగా విడువకండి. ఆ రోజే వైద్యుల వద్దకు తీసుకువెళ్లండి.

రెండవది, సాధారణ వైద్యునికీ, మానసిక వైద్యునికీ ఇద్దరికీ చూపించాలి. చాలాకాలం తినని పిల్లకు ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెట్టడం ప్రమాదం. రక్తంలోని లవణాలు తారుమారవుతాయి. వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మూడవది, పిల్లతో వాదించకండి. “నువ్వు సన్నగానే ఉన్నావు” అని వందసార్లు చెప్పినా ఆమెకు అద్దం వేరే మాట చెబుతుంది. తిట్టవద్దు, బతిమాలవద్దు, బేరమాడవద్దు. పక్కన కూర్చోండి. వేళకు వడ్డించండి. “ఇది మందు, తినాలి, నేను నీ పక్కనే ఉంటాను” అని నెమ్మదిగా, దృఢంగా చెప్పండి. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ఈ మార్గాన్నే చికిత్సగా తీర్చిదిద్దారు. పిల్ల భోజన బాధ్యతను కొంతకాలం తల్లిదండ్రులు తీసుకుంటారు. కోలుకున్నకొద్దీ తిరిగి ఆమెకు అప్పగిస్తారు. దీని ఫలితాలను వారు 1987లో ప్రకటించారు. యుక్తవయస్కులకు నేడు ముఖ్యంగా సూచించే చికిత్స ఇదే. ఒకనాడు ఈ వ్యాధికి తల్లులను నిందించేవారు. తల్లిదండ్రులు వ్యాధికి కారణం కారు. చికిత్సకు ప్రధాన సాధనం. అమ్మలారా, ఈ మాటను దయచేసి ఇంటికి తీసుకువెళ్లండి.

నాలుగవది, ఈ వ్యాధి ఉన్న పిల్లకు పూర్తిగా నయమయ్యేదాకా ఉపవాసాలు వద్దు. “వ్రతం విడిస్తే స్వామికి కోపం వస్తుందేమో” అని ఆ పిల్ల నిజంగా భయపడవచ్చు. ఆ భయాన్ని వైద్యురాలినైన నా మాట పోగొట్టలేదు. మీ ఇంటి పురోహితుల మాట, గురువుల మాట పోగొట్టగలదు. గురువు మాటా ఔషధమూ వ్రతాన్ని భంగపరచవని ఇందాక మనవి చేశాను. కాబట్టి అర్చకస్వాములను, పౌరాణికులను చేతులు జోడించి వేడుకుంటున్నాను. అటువంటి పిల్ల మీ ఎదుటికి వచ్చినప్పుడు, “అమ్మా, నీ వ్రతం పూర్తయింది. స్వామి స్వీకరించాడు. ఇక ప్రసాదం తీసుకో” అని ఆమె చేతిలో పెట్టండి. మీరు చెప్పిన ఆ మాటకు ఉన్న బలం నా మందుల చీటీకి లేదు.

దాతలకు విన్నపం

ఈ సభలో అన్నదానానికి విరాళాలు ఇచ్చిన పుణ్యాత్ములు ఉన్నారు. తినడానికి లేనివారికి పెట్టడం మహాపుణ్యం. ఎదుట అన్నం ఉండి తినలేనివారూ ఆకలిగొన్నవారే. వారికి చేసే దానం మరొక విధంగా ఉంటుంది. మీలో విద్యాసంస్థలు, బాలికల వసతి గృహాలు నడుపుతున్నవారు, వాటికి ఆర్థికంగా అండగా ఉన్నవారు ఉన్నారు. పిల్లలు తొందర లేకుండా తినడానికి తగిన సమయం ఇవ్వండి. తరగతి వేళ మించుతోందని భోజనం మాన్పించకండి. భోజనశాలకు రాని పిల్ల ఎవరో గమనించే ఒక పెద్దదిక్కును నియమించండి. మనస్సు విప్పి చెప్పుకోవడానికి శిక్షణ పొందిన ఒక మహిళా సలహాదారును ఏర్పాటు చేయండి. ఒక గది కట్టించడానికయ్యే వ్యయంతో పోలిస్తే ఇది స్వల్పం.

తైత్తిరీయంలోని భృగువల్లి, అన్నాన్ని నిందించకుండా ఉండడమే ఒక వ్రతమని విధించింది. కొంతకాలం ఆ వ్రతాన్ని మనమంతా పూనుదాం. కంచం ముందు కూర్చున్న ఏ ఆడపిల్లనూ ఆమె శరీరాన్ని గురించి, ఆమె తినే ముద్దను గురించి ఒక్క మాట అనకుండా ఉందాం. ఇది కఠినమైన వ్రతమే. నాలుకకు ఉపవాసం కావాలి మరి.

ఈ వ్యాధి నయమవుతుంది. కాలం పడుతుంది, నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు. ఎంత త్వరగా గుర్తిస్తే అంత త్వరగా నయమవుతుంది. కోలుకుని చదువులు పూర్తి చేసినవారిని, ఉద్యోగాలలో స్థిరపడినవారిని, తమ పిల్లలకు గోరుముద్దలు తినిపిస్తున్నవారిని నేను ఎరుగుదును.

రేపు ద్వాదశి. మీ ఇంట పారణకు విస్తళ్లు పరచినప్పుడు ఒక్కసారి చూడండి. అందరూ కూర్చున్నారా? కూర్చున్నవారందరూ తింటున్నారా? తినని పిల్ల ఉంటే, ఆమె పక్కన కూర్చోండి.

స్వస్తి.